బకెట్ నిండా నీళ్లు పోస్తే మేకు తేలుతుందన్న పిల్లాడికి ఏం చెప్పాలి?

సుద్దముక్క
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను నాలుగో తరగతికి సైన్స్ చెబుతాను. గత వారం తేలేవి, మునిగేవి అనే పాఠం చేశాం. బల్ల మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు పోశాను. చెక్కముక్క, గులకరాయి, సీసా మూత, ఇనుప మేకు, రబ్బరు బంతి ఒక్కొక్కటే వేసి చూపించాను. పిల్లలు పట్టికలో రాసుకున్నారు. అంతలో వెనక బెంచీలోంచి ఒక బాబు లేచాడు. "టీచర్, నీళ్లు తక్కువున్నాయని మేకు మునిగింది. బకెట్ నిండా పోస్తే తేలుతుంది" అన్నాడు.

"కాదు నాన్నా, మేకు ఎక్కడైనా మునుగుతుంది, కూర్చో" అన్నాను. పీరియడ్ అయిపోవస్తోందని బోర్డు మీద సాంద్రత నిర్వచనం రాసేశాను. పరీక్షలో ఆ బాబుతో సహా దాదాపు అందరూ ఆ నిర్వచనం సరిగ్గా రాశారు. అదే పేపర్లో పెద్ద దుంగ, చిన్న మేకు బొమ్మలు వేసి ఏది తేలుతుందని అడిగాను. సగం మందికి పైగా "మేకు, ఎందుకంటే అది తేలిక" అని రాశారు. ముందు వారమే మేకు మునగడం కళ్లారా చూసిన పిల్లలు వీళ్లు.

ఇంకో విషయం నన్ను మరీ బాధపెడుతోంది. ఆ బాబు ఆ రోజు నుంచి చెయ్యెత్తడం లేదు. పిల్లలు ఇలాంటి మాట అన్నప్పుడు మీరేం చేస్తారు?

రెండోబెంచీ
సోమవారం, రాత్రి 9:58

నీళ్లు పోసి చూపించండి మేడం. రేపే. బకెట్ ఆ బాబుతోనే నింపించండి.

ఇసుకగడియారం
సోమవారం, రాత్రి 10:25

పోసే ముందు ఒక్క మాట. "నీకలా ఎందుకనిపించింది?" అని అడిగారా? పిల్లలు ఇలాంటివి ఊరికే అనరు. ఎక్కడో ఏదో చూసే ఉంటారు.

నా అనుభవం చెబుతాను. ఒకసారి మూడో తరగతిలో "దుప్పటిలో థర్మామీటర్ చుడితే ఏమవుతుంది?" అని అడిగాను. వేడెక్కుతుందని అందరూ ఒకే గొంతుతో అన్నారు. చుట్టి పావుగంట ఉంచాం. అంకె కదల్లేదు. "ఇంకాసేపు ఉంచాలి సార్" అన్నారు. మధ్యాహ్నం దాకా ఉంచాం, కదల్లేదు. "దుప్పటి పల్చగా ఉంది" అని ఇంకోటి తెచ్చారు. రాత్రంతా అలాగే వదిలేశాం. పొద్దున్నే చూస్తే దుప్పటి లోపలి థర్మామీటర్, బయట బల్ల మీది థర్మామీటర్ ఒకే అంకె చూపిస్తున్నాయి. అప్పుడు ఒక పాప మెల్లగా, "దుప్పటికి సొంతంగా వేడి లేదేమో, మన వేడినే పోనివ్వదేమో" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే ఒక్క నిమిషం పట్టేది, రెండు రోజులు పట్టేది కాదు. కానీ ఆ తర్వాత మంచుగడ్డను దుప్పటిలో చుడితే త్వరగా కరుగుతుందా, ఆలస్యంగా కరుగుతుందా అని అడిగినప్పుడు, క్లాసులో ముప్పావు వంతు మంది ఆలస్యంగా అని సరిగ్గా చెప్పారు. మామూలుగా పెద్దవాళ్లు కూడా అక్కడ తడబడతారు.

పిల్లలు దుప్పటి కప్పుకున్న ప్రతిసారీ వెచ్చగానే అనిపించింది కదా. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. దాన్ని పక్కన పెట్టేసి మన వాక్యం రాసుకోమంటే, పరీక్షకు మన వాక్యం, బతకడానికి వాళ్ల నమ్మకం రెండూ దాచుకుంటారు. మీ పేపర్లలో కనిపించింది అదే అనుకుంటాను.

ఫిజిక్స్‌మాస్టారు
మంగళవారం, ఉదయం 6:15

హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ బాబు మాట చదివి చాలాసేపు ఆలోచించాను. అందులో సగం నిజం ఉంది మేడం.

ఈ పాఠంలో మనం వస్తువునే చూపిస్తాం: చెక్క తేలుతుంది, ఇనుము మునుగుతుంది అని. ఏదో అది ఆ వస్తువు గుణమే అన్నట్టు. క్లాసంతా వస్తువు వైపు చూస్తుంటే నీళ్ల వైపు చూసింది ఆ బాబు ఒక్కడే. తేలడం అనేది వస్తువుకీ ద్రవానికీ మధ్య జరిగే వ్యవహారం. ఒక ఘన సెంటీమీటరు నీళ్లు 1 గ్రాము, ఇనుము దాదాపు 7.9 గ్రాములు, పాదరసం 13.6 గ్రాములు. అందుకే అదే ఇనుప మేకు పాదరసం మీద చక్కగా తేలుతుంది. "మేకు ఎక్కడైనా మునుగుతుంది" అన్న మీ మాట కూడా పూర్తిగా సరి కాదన్నమాట. తప్పుగా అనుకోకండి, నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

పాదరసం విషం, దాన్ని క్లాసులోకి తేకూడదు. దాని బదులు ఉప్పునీళ్లు చాలు. ఒక గ్లాసు మామూలు నీళ్లలో బంగాళాదుంప ముక్క వేయండి, మునుగుతుంది. తీసి, ఉప్పు ఒక్కో చెంచా కలుపుతూ మళ్లీ మళ్లీ వేసి చూడమనండి. ఏ చెంచా దగ్గర లేస్తుందో ముందే ఊహించి రాసుకోమనండి. ఉప్పు కరిగేదాకా బాగా కలపాలి. ఓపిక లేక అడుగున ఉప్పు మిగిలిపోతే ఎన్ని చెంచాలు వేసినా లేవదు. మృత సముద్రంలో మనుషులు ఈత రాకపోయినా తేలడానికి కారణం ఇదే. మామూలు సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే అక్కడ దానికి దాదాపు పది రెట్లు ఉంటుంది.

నీళ్లు ఎంత ఉన్నాయన్నది కాదు, ఎలాంటి నీళ్లన్నది ముఖ్యం. ఆ బాబు ఈ మాటకు ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు.

పాఠంబండి
మంగళవారం, రాత్రి 8:05

అందరూ బాగా చెబుతున్నారు. కానీ నా క్లాసులో 45 మంది. పీరియడ్ 40 నిమిషాలు. అందులో హాజరుకు ఐదు, అల్లరి సర్దడానికి ఐదు పోతాయి. ఒక్కో పిల్లాడి ఊహ పట్టుకుని రెండేసి రోజులు కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది? పైగా అన్నీ పిల్లలే కనుక్కోవాలనడం నాకు నచ్చదు. వందల ఏళ్లు పెద్ద పెద్దవాళ్లు తలలు పగలగొట్టుకుంటే తేలిన విషయాలివి. తొమ్మిదేళ్ల పిల్లాడు టబ్బు ముందు నిలబడి ఒక్క గంటలో కనిపెట్టేస్తాడా? మనం చెప్పాలి. అందుకే మనం టీచర్లం.

ఇసుకగడియారం
మంగళవారం, రాత్రి 8:40

మీరన్న రెండో మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటానండి. వస్తువులు ముందు పడేసి "కనుక్కోండి" అని మనం కుర్చీలో కూర్చుంటే పిల్లలు నీళ్లతో ఆడుకుంటారు, అంతే. చెప్పాల్సింది మనమే. నేను గొడవపడేది ఎప్పుడు చెప్పాలన్న దాని మీద. ముందు ఊహ రాయించి, తర్వాత చేసి చూపించి, ఊహకూ జరిగినదానికీ తేడా వచ్చి పిల్లాడు నుదురు చిట్లించినప్పుడు మన మాట చెబితే అది నిలుస్తుంది. ముందే చెప్పేస్తే నోటుబుక్కులోనే ఉండిపోతుంది.

టైము గురించి: అన్ని పాఠాలకూ ఇలా నాకూ కుదరదు. నెలకు ఒకటి ఎంచుకుంటాను. మిగతావి మామూలుగానే చెబుతాను. 45 మందిలో ప్రతి ఒక్కరినీ అడగక్కర్లేదు. మూడు జవాబులు బోర్డు మీద రాసి చేతులెత్తించి లెక్కేస్తే రెండు నిమిషాల పని.

వానచినుకు
మంగళవారం, రాత్రి 10:10

నేను టీచర్ని కాదు, తల్లిని. మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప మూడో తరగతి. ఘన, ద్రవ, వాయు పదార్థాలు చదువుకుంటోంది. పుస్తకంలో "ద్రవాలు పారుతాయి, పాత్ర ఆకారం పొందుతాయి" అని ఉంది. నిన్న ఇసుక గ్లాసులో పోసి, "అమ్మా, ఇసుక కూడా పారింది, గ్లాసు ఆకారంలోకి వచ్చింది, మరి ఇసుక ద్రవమా?" అంది. నా దగ్గర జవాబు లేదు. స్కూల్లో అడగమన్నాను. అడిగితే "పుస్తకంలో ఉన్నది చదువు" అన్నారట. ఇంటికొచ్చి ఏడ్చింది. ఏం చెప్పమంటారు?

ఫిజిక్స్‌మాస్టారు
బుధవారం, ఉదయం 6:05

ముందు ఆ పాపకు నా తరఫున ఒక చప్పట్లు కొట్టండి అమ్మా. ఆ ప్రశ్న ఇంజినీర్లను కూడా ఆలోచనలో పడేస్తుంది. గోదాముల్లో గింజలు, పొడులు పారే తీరు మీద ఇప్పటికీ పరిశోధనలు జరుగుతున్నాయి.

ఒక పళ్లెంలో ఇసుక పోయమనండి, ఇంకో పళ్లెంలో నీళ్లు. ఇసుక కుప్పగా నిలబడుతుంది. నీళ్లు ఎంత నెమ్మదిగా పోసినా కుప్ప కట్టవు, మట్టంగా పరుచుకుంటాయి. తర్వాత భూతద్దం ఇచ్చి ఒక్క ఇసుక రేణువును చూడమనండి. దాని మూలలు, అంచులు కనబడతాయి. ఏ గ్లాసులో వేసినా ఆ రేణువు ఆకారం మారదు. ఒక్కో రేణువు ఘనం, గుంపుగా ఉన్నప్పుడు పారుతుంది. పుస్తకంలోని వాక్యం తప్పు కాదు, కాస్త పొట్టిది. ఆ పొట్టితనాన్ని పట్టుకుంది మీ పాప.

వానచినుకు
బుధవారం, ఉదయం 9:30

భూతద్దంలో చూసింది. "ఇవి చిన్న చిన్న రాళ్లమ్మా!" అని ఇల్లంతా తిరిగి చూపించింది. చాలా థ్యాంక్స్ మాస్టారూ.

పాఠంబండి
బుధవారం, రాత్రి 7:50

సరే, నెలకొకటి అంటే నేనూ చేయగలను. నేను ఎప్పుడూ చేసేది ఒకటుంది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాను. మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఖర్చయిపోయింది కాబట్టి ఆ మేరకు నీళ్లు లోపలికి వచ్చాయని చెబుతాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. ఎవరైనా చేసి చూడండి.

ఫిజిక్స్‌మాస్టారు
బుధవారం, రాత్రి 9:15

ప్రయోగం అద్భుతం మాస్టారూ, దాన్ని మానకండి. వివరణ మాత్రం మార్చాలి. ఇది చాలా పుస్తకాల్లోకి ఎక్కేసిన పొరపాటు.

ఈసారి నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో గమనించండి. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మంట మండుతున్నంతసేపూ కొద్దికొద్దిగా ఎక్కాలి. కానీ మంట వెలుగుతున్నంతసేపు పెద్దగా ఎక్కవు. ఆరిపోయాక గబగబా ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది, కొన్నిసార్లు అంచు కింద నుంచి బుడగలు బయటికి పోవడం కూడా కనబడుతుంది. మంట ఆరాక గాలి చల్లబడి కుంచించుకుంటుంది. లోపల పీడనం తగ్గి, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. ఇక ఆక్సిజన్ సంగతి: అది పూర్తిగా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది, ఖర్చయిన దాని బదులు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

నమ్మకం కుదరకపోతే అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తితో ఒకసారి, మూడు కొవ్వొత్తులతో ఒకసారి చేయండి. గ్లాసులో ఆక్సిజన్ అంతే కదా, నీళ్లూ అంతే ఎక్కాలి. ఎక్కుతాయేమో చూడండి.

మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త 1860 డిసెంబరులో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలను కూర్చోబెట్టి ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఆరు! మనం ఒక్క పీరియడ్‌లో ముగించేద్దామనుకుంటాం.

పాఠంబండి
గురువారం, రాత్రి 8:30

నిన్న రాత్రే ఇంట్లో చేశాను. గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టుకున్నాను. ఒక కొవ్వొత్తికి నీళ్లు రెండో గీత దాటాయి. మూడింటికి నాలుగో గీతకు పైకి వచ్చాయి. మీరన్నట్టే మంట ఆరిన తర్వాతే ఎక్కాయి. పన్నెండేళ్లుగా ఇదే ప్రయోగం చేస్తున్నాను, ఎన్ని వందల మందికి చెప్పానో. ఎప్పుడు ఎక్కుతున్నాయని ఒక్కసారి కూడా చూడలేదు. జవాబు ముందే తెలుసనుకున్నాను కదా.

ఈ రోజు క్లాసులో ఆ సంగతే చెప్పాను. "నేను మీకు పోయిన నెల చెప్పింది తప్పు, ఇప్పుడు మళ్లీ చూద్దాం" అన్నాను. చెప్పే ముందు కాస్త టెన్షన్ పడ్డ మాట నిజం. కానీ 45 మందీ అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు. అగ్గిపుల్ల, కొవ్వొత్తులు నా చేతుల్లోనే ఉంచుకున్నాను, గీతలు చదివే పని వాళ్లకిచ్చాను. ధన్యవాదాలు మాస్టారూ.

సుద్దముక్క
శుక్రవారం, రాత్రి 9:20

అందరి మాటలూ చదివి ఈ వారం మూడు పీరియడ్లు మళ్లీ అదే పాఠానికి ఇచ్చాను. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదటిరోజు బకెట్. ఆ బాబునే పిలిచి నింపించాను. "తేలుతుంది" అన్నవాళ్లు 13 మంది! ఆ బాబు ఒక్కడే అలా అనుకుంటున్నాడని నేననుకున్నాను, మిగతా పన్నెండు మంది నోరు విప్పలేదంతే. మేకు వేశాడు. టంగుమని అడుగుకు తగిలింది. క్లాసంతా ఆ చప్పుడు విన్నారు.

రెండోరోజు ఒకే సైజు మూత సీసాలు ఐదు తెచ్చాను. ఒకదాంట్లో ఏమీ లేదు, మిగతావాటిలో ఇసుక కొంచెం కొంచెంగా పెంచుతూ పోశాం. ఖాళీది నీళ్ల మీద పడుకుంది. రెండోది నిలబడి సగం మునిగింది. మూడోది మెడ దాకా మునిగింది. నాలుగోదాని దగ్గర ఆట మొదలైంది. చిటికెడు ఇసుక తీస్తే పైకొస్తుంది, చిటికెడు వేస్తే కిందికి పోతుంది. పావుగంట దాని చుట్టూనే ఉన్నారు. చివరికి అది నీళ్ల మట్టానికి మూత తాకేలా ఆగింది. అప్పుడు అదే సైజు ఆరో సీసాను నిండా నీళ్లతో నింపి, త్రాసులో ఒకవైపు అది, ఇంకోవైపు ఈ ఇసుక సీసా పెట్టాం. ముల్లు దాదాపు మధ్యలో నిలబడింది. సాంద్రత అన్న మాట నేను వాడలేదు. "అంతే సైజు నీళ్ల కంటే బరువైతే మునుగుతుంది" అని ఒక పాప తనంతట తనే అంది.

మూడోరోజు రాయికి దారం కట్టి రబ్బరు బ్యాండుకు వేలాడదీశాం. బ్యాండు 17 సెంటీమీటర్లకు సాగింది. రాయిని నీళ్లలో ముంచగానే 14కు తగ్గింది. "నీళ్లు కింద నుంచి పట్టుకుంటున్నాయి టీచర్!" అని అరిచారు. మునిగే రాయిని కూడా నీళ్లు పైకి నెడతాయని నేను ఇన్నేళ్లలో ఏ క్లాసులోనూ చూపించలేదు.

నీలిగోళం
శుక్రవారం, రాత్రి 10:02

చాలా బాగుంది మేడం. మరి సాంద్రత అన్న పదం ఎప్పుడు చెప్పాలి? మా దగ్గర పుస్తకంలో నాలుగులోనే ఉంది, వదిలేయలేం.

ఫిజిక్స్‌మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:30

పదం చెప్పండి, ఫర్వాలేదు. సీసాల ఆట అయ్యాక చెప్పండి. బరువును ఘనపరిమాణంతో భాగించడం మాత్రం ఈ వయసుకు తొందరే. రెండు కొలతలను ఒకేసారి మనసులో పట్టుకుని ఒకదానితో ఒకటి పోల్చడం చాలామంది పిల్లలకు పదకొండు, పన్నెండేళ్లకు గానీ సులువు కాదు. సన్నటి పొడవాటి గ్లాసులోకి నీళ్లు మారిస్తే ఎక్కువయ్యాయనుకునే వయసు దాటి వాళ్లకు ఇంకా ఎన్నో ఏళ్లు కాలేదు. "అంతే సైజు" అన్న ఆ పాప మాట చాలు. అదే సాంద్రత.

ఇసుకగడియారం
శనివారం, ఉదయం 7:45

మేడం, ఆ బాబును ఎందుకలా అనుకున్నాడో అడిగారా?

సుద్దముక్క
శనివారం, రాత్రి 8:10

ఈ రోజు అడిగాను. బడి వదిలాక పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ రోజు నీకలా ఎందుకనిపించింది? నేను వినకుండా కూర్చోమన్నాను, అది నా తప్పు" అన్నాను. కాసేపు చెప్పు బొటనవేలితో నేల గీస్తూ కూర్చుని చెప్పాడు.

వాడి దగ్గర ఒక ప్లాస్టిక్ పడవ ఉందట. వాన వెలిశాక గుంటలో వదిలితే కదల్లేదట, నేలకు తగిలి ఆగిపోయింది. మగ్గుతో ఇంకాస్త నీళ్లు పోశాడట. పడవ లేచి కదిలింది.

మనం తప్పు అనేసిన జవాబు వెనక వాడు చేసిన ప్రయోగం ఉంది. చేసింది సరిగ్గానే చేశాడు. తర్వాత వాడే అడిగాడు: "మరి పడవ తేలాలంటే తక్కువలో తక్కువ ఎన్ని నీళ్లుండాలి టీచర్?" నాకు తెలియదు, అడిగి చెబుతానన్నాను. మాస్టారూ?

ఫిజిక్స్‌మాస్టారు
శనివారం, రాత్రి 9:00

చాలా తక్కువ చాలు. పడవ బరువుకన్నా తక్కువ బరువున్న నీళ్లలో కూడా అది తేలగలదు!

రెండు ప్లాస్టిక్ గ్లాసులు తీసుకోండి, ఒకటి ఇంకోదానిలో కొద్దిపాటి సందుతో పట్టేలా. చిన్నదానిలో గుప్పెడు ఇసుక వేయండి, నిటారుగా నిలబడడానికి. పెద్దదానిలో నాలుగైదు చెంచాల నీళ్లు పోసి చిన్నదాన్ని దించండి. నీళ్లు సందులోంచి చుట్టూ పైకి లేస్తాయి, లోపలి గ్లాసు అడుగు నుంచి లేస్తుంది. ముఖ్యం ఏమిటంటే ఆ నీళ్లు గ్లాసు చుట్టూ ఎంత ఎత్తుకు లేచాయన్నది, మొత్తం ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు. ఇరుకు కాలువలో అంత పెద్ద ఓడ తేలేదీ ఇందుకే. నీళ్లు చాలకపోతే ఒక్కో చెంచా కలపండి, ఏ చెంచాకు లేచిందో లెక్కపెట్టమనండి.

సుద్దముక్క
సోమవారం, మధ్యాహ్నం 1:15

భోజన విరామంలో రాస్తున్నాను. ఇప్పుడే చేశాం. నీళ్లు ఆ బాబే పోశాడు. మూడు చెంచాలకు లోపలి గ్లాసు కదల్లేదు. నాలుగో చెంచాకు ఒక వైపు లేచింది. ఆరో చెంచాకు వేలితో అంచు మీద తడితే గ్లాసు దేనికీ తగలకుండా గుండ్రంగా తిరిగింది. మళ్లీ తిప్పాడు. తర్వాత మిగతావాళ్లు వరుసలో నిలబడ్డారు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పని వాడే తీసుకున్నాడు.